చేప రెటీనా మళ్లీ పుట్టడంపై పరిశోధన: ఏ గాయం, ఏ చేప, ఏ వయసు?

మనిషి రెటీనాలో (కంటి లోపలి వెనక గోడకు ఉండే, కాంతిని పట్టే పొరలో) ఒక నాడీ కణం చచ్చిపోతే ఆ చోటు ఖాళీగానే ఉండిపోతుంది. జీబ్రా చేపలో అలా కాదు. రెటీనాలో పెద్ద భాగం పోయినా కొన్ని వారాల్లో కొత్త కణాలు పుట్టి, పొరల్లో సర్దుకుని, చేప మళ్లీ చూడటం మొదలుపెడుతుంది. ఈ పని చేసేది ముల్లర్ గ్లియా అనే కణం. రెటీనా మందం అంతటా నిలువుగా నిలబడి మిగతా కణాలను కాసే సహాయక కణం ఇది. మన కంట్లోనూ ఉంది, ఎలుక కంట్లోనూ ఉంది. గాయమైతే మనలో ఇది ఉబ్బి మచ్చ కడుతుంది. చేపలో మాత్రం మూలకణం లాంటి స్థితికి వెనక్కి వెళ్లి, విభజన చెంది, కొత్త న్యూరాన్లను ఇస్తుంది. ఒకే కణం రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు ప్రవర్తిస్తుందన్నదే ఈ రంగాన్ని నడిపిస్తున్న ప్రశ్న.

ఇందులోకి కొత్తగా వచ్చే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులు ముందుగా అడిగేది 'ఏ చేప మీద చేయాలి?' అని. నా లెక్కలో అది రెండో ప్రశ్న. మొదటిది: ఏ కణాన్ని, ఎంత మేరకు, ఎలా చంపబోతున్నారు? మీ ఫలితాన్ని ఏమని చెప్పుకోవచ్చో తేల్చేది గాయమే. చేప సంగతి చాలావరకు దాని వెంటే తేలిపోతుంది.

గాయం ముందు ఎందుకంటే

చేప రెటీనాలో కొత్త కణాలు గాయం లేకపోయినా పుడుతూనే ఉంటాయి. చేప బతికినంత కాలం పెరుగుతుంది, కన్నూ దాంతోపాటే పెరుగుతుంది. రెటీనా అంచున ఒక ఉంగరంలా మూలకణాల పట్టీ ఉంటుంది. కొత్త రెటీనా అక్కడి నుంచి బయటివైపు చేరుతూ పోతుంది. ఒక్క రాడ్ కణాలు (మసక వెలుతురులో చూపునిచ్చేవి) మాత్రం మధ్య భాగంలో కూడా చేరుతుంటాయి. ముల్లర్ గ్లియా అప్పుడప్పుడు నెమ్మదిగా విభజన చెంది రాడ్ల ముందు కణాలను తయారుచేస్తుంది, అవి బయటి పొరకు చేరి రాడ్లవుతాయి. పమేలా జాన్స్ గోల్డ్ ఫిష్ మీద 1970లలో, ఆ తర్వాత రసెల్ ఫెర్నాల్డ్‌తో కలిసి ఆఫ్రికా సిక్లిడ్ చేప మీద 1981లో చేసిన పనితో ఈ సంగతి బాగా బయటపడింది.

అంటే కొత్త కణం కనబడగానే 'ఇది పునరుత్పత్తి', అంటే పోయినదాన్ని మళ్లీ పుట్టించుకోవడం, అనడానికి లేదు. అది అంచు నుంచి వచ్చిందా, రాడ్ల ముందు కణం నుంచా, గాయానికి మేల్కొన్న ముల్లర్ గ్లియా నుంచా అన్నది తేల్చుకోవాలి. ఇక్కడే 2010లో వచ్చిన ఒక పని నాకు చాలా ఇష్టం. జీబ్రా చేపలో రాడ్లను మాత్రమే చంపే ఏర్పాటు చేసి చూస్తే, కొద్ది రాడ్లు పోయినప్పుడు రాడ్ల ముందు కణాలే ఆ లోటు పూడ్చేశాయి, ముల్లర్ గ్లియా కదల్లేదు. పెద్ద సంఖ్యలో పోయినప్పుడే అది విభజనకు దిగింది. గాయం తీవ్రత మారితే జవాబే మారిపోయిందన్నమాట. మీ గాయం బలహీనంగా ఉంటే 'నేను తీసేసిన జన్యువుకు ఈ పనితో సంబంధం లేదు' అని తప్పుడు మాట రాసేసే ప్రమాదం ఉంది.

వెలుతురు, విషం, సూది, మాత్ర

వెలుతురుతో గాయం చేయడం అన్నింటికంటే శుభ్రమైన పద్ధతి. నోట్రడామ్ విశ్వవిద్యాలయంలో విటెలిక్, డేవిడ్ హైడ్ 2000లో ఆల్బినో (పుట్టుకతో నల్ల రంగు లేని) జీబ్రా చేపలతో దీన్ని స్థిరపరిచారు. చేపలను కొన్ని రోజులు చీకట్లో ఉంచి, తర్వాత మూడు నాలుగు రోజులు ఆపకుండా తీవ్రమైన వెలుతురు పెడతారు. రాడ్లు, కోన్లు (పగటి వెలుతురులో, రంగుల్లో చూపునిచ్చే కణాలు) చచ్చిపోతాయి, లోపలి పొరలు దాదాపు అలాగే ఉంటాయి. కంట్లో సూది పెట్టే పని లేదు, రక్తం లోపలికి రాదు, ఒకేసారి చాలా చేపలకు చేయొచ్చు. చిక్కులూ ఉన్నాయి. రంగున్న మామూలు చేపలో కంటి వెనక నల్లటి పొర వెలుతురును తాగేస్తుంది కాబట్టి ఆల్బినో రకం కావాలి, లేదా ఇంకా తీవ్రమైన వెలుతురును తక్కువసేపు వాడాలి. రెటీనా పైభాగం, మధ్యభాగం ఎక్కువగా దెబ్బతింటాయి, కిందిభాగం తప్పించుకుంటుంది. అందుకే ఏ భాగంలో కణాలు లెక్కపెట్టారో రాయకపోతే ఆ లెక్కకు విలువ లేదు. రెండు కళ్లూ దెబ్బతింటాయి గనుక అదే చేప రెండో కన్నును పోలికకు వాడుకోలేరు, వేరే చేపలు పెట్టుకోవాలి. దీపాల వేడి మరో టెన్షన్. నీరు 33 డిగ్రీలు దాటిందంటే చేప చచ్చింది వెలుతురుకా, వేడికా అని తేల్చలేరు. మే నెలలో మన ఊళ్లలో ఏసీ లేని గదిలో ఈ ప్రయోగం పెట్టుకోకండి.

కాంతిని పట్టే కణాల మీదే మీ ఆసక్తి అయితే, ఆ కణాలు క్రమంగా చచ్చిపోయే రెటినైటిస్ పిగ్మెంటోసా లాంటి జబ్బు మీ మనసులో ఉంటే, నా ఓటు వెలుతురుకే.

లోపలి పొరలు చావాలంటే విషాలు కావాలి. ఊబైన్ వాటిలో పాతది. ఆఫ్రికాలో బాణాలకు పూసే విషపు మొక్కల నుంచి వచ్చిన పదార్థం, కణపు పొరలోని సోడియం పొటాషియం పంపును ఆపేస్తుంది. గోల్డ్ ఫిష్‌లో 1970ల చివరి నుంచే వాడుతున్నారు. దీని ప్రత్యేకత మోతాదులో ఉంది: తక్కువైతే గ్యాంగ్లియన్ కణాలు (మెదడుకు సంకేతాలు పంపేవి), లోపలి పొర పోతాయి, కాంతిని పట్టే కణాలు మిగులుతాయి, ఎక్కువైతే మొత్తం రెటీనా పోతుంది. రెండు మోతాదులతో రెండు వేర్వేరు ప్రశ్నలు అడగొచ్చు. తంటా ఏమిటంటే, కంటి పరిమాణాన్ని బట్టి లోపల చేరే గాఢత మారిపోతుంది. చిన్న చేపకు, పెద్ద చేపకు ఒకే చుక్క వేస్తే ఒకే గాయం అవదు. చేపలను కొలిచి, ఒకే సైజువి ఎంచుకోండి. గుండె మీద పనిచేసే పదార్థం కాబట్టి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. ఈ గాయం తర్వాత కణాలు రావడానికి కొన్ని వారాలు పడితే, చూపు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. ఫెలోషిప్ గడువుతో పోల్చి చూసుకోండి.

ఎన్ఎండీఏ అనే మరో రసాయనం ప్రధానంగా గ్యాంగ్లియన్ కణాలను, లోపలి పొరలోని అమాక్రిన్ కణాలను చంపుతుంది. ఎలుకలో, కోడిపిల్లలో కూడా ఇదే గాయం చేస్తారు. అందుకే జాతుల మధ్య పోలిక మీ ఉద్దేశమైతే దీన్ని మించింది లేదు.

సూది పోటు అన్నింటికంటే చవక. మత్తిచ్చిన చేప కంటి వెనకనుంచి సన్నటి సూదితో ఒకటో రెండో పోట్లు, అంతే. మిషిగన్ విశ్వవిద్యాలయంలో డేనియల్ గోల్డ్‌మన్ బృందం దీనితోనే ముల్లర్ గ్లియా మొదటి గంటల్లో ఏం చేస్తుందో విప్పింది. గాయమైన కొద్ది గంటలకే యాస్కిల్1ఏ అనే జన్యువు మేల్కొంటుంది, అది లేకపోతే పునరుత్పత్తి ఆగిపోతుందని 2008లో చూపారు. అది లిన్28 అనే మరో జన్యువును లేపుతుందని, లిన్28 వచ్చి లెట్‌7 అనే చిన్న ఆర్ఎన్ఏను తగ్గిస్తుందని, అప్పుడు మూలకణ జన్యువులు తెరుచుకుంటాయని 2010లో చెప్పారు. ఆ 2010 పేపర్ మొదటి రచయిత రాజేశ్ రామచంద్రన్. తర్వాత మొహాలీలోని ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థలో సొంత ల్యాబ్ పెట్టి ఇదే దారిలో పనిచేశారు. దేశంలోనే ఈ పని నేర్చుకోవాలనుకునేవారు మొదట చూడాల్సిన పేరు అది. సూదితో ఒక మేలు ఉంది. గాయమైన చోటు, కాని చోటు ఒకే ముక్కలో పక్కపక్కన కనిపిస్తాయి. నష్టం ఏమిటంటే ఏ కణం చచ్చిందో మీ చేతిలో లేదు, అన్ని పొరలూ చిరుగుతాయి, రక్తకణాలు లోపలికి వస్తాయి. మీరు చూస్తున్నది న్యూరాన్ చావుకు స్పందనా, రక్తస్రావానికి స్పందనా అని సమీక్షకులు అడిగితే సూది పోటు ఒక్కదానితో జవాబు చెప్పలేరు.

ఇక నాలుగోది మాత్ర పద్ధతి. ఈ-కోలి బ్యాక్టీరియాలోని నైట్రోరిడక్టేజ్ అనే ఎంజైమును చేపలో మీరు కోరుకున్న కణంలోనే తయారయ్యేలా జన్యుమార్పు చేస్తారు. తర్వాత నీళ్లలో మెట్రోనిడజోల్ కలుపుతారు. అవును, విరేచనాలకు డాక్టర్ రాసే మందే. ఎంజైము ఉన్న కణంలో అది విషంగా మారి ఆ కణాన్నే చంపుతుంది, పక్కది బతుకుతుంది. రాడ్లనో, ఒక్క రకం కోన్లనో, లోపలి పొరలోని బైపోలార్ కణాలనో విడిగా చంపి చూడాలంటే ఇదే మార్గం. మొదట్లో 10 మిల్లీమోలార్ లాంటి పెద్ద మోతాదు కావాల్సి వచ్చేది, ఆ మోతాదులో చేప మీదే దుష్ప్రభావం పడేది. 2022లో జెఫ్ మమ్ బృందం, వారి సహచరులు మెరుగుపరిచిన ఎంజైమును ప్రకటించాక చాలా తక్కువ మందుతోనే పని జరుగుతోంది. కానీ ఈ జన్యు రకాల గుడ్లు మీ ల్యాబ్‌కు రావాలి, పెరగాలి, పిల్లలు పెట్టాలి. కొత్తగా తెప్పించుకుంటే మొదటి ఆరేడు నెలలు చేపలు పెంచడంతోనే గడిచిపోతాయి. ఎక్కువ మంది కొత్తవారు దీన్నే ఎంచుకుంటున్నారు, చూడ్డానికి ఆధునికంగా ఉంటుంది కదా. గైడ్ దగ్గర ఆ రకం చేపలు ఇప్పటికే ఈదుతుంటే తీసుకోండి, లేకపోతే వెలుతురుతో మొదలుపెట్టండి.

దృష్టి నాడిని నొక్కి గాయం చేసే పద్ధతిని కూడా కొందరు ఈ జాబితాలో కలిపేస్తారు. అది వేరే విషయం. అక్కడ గ్యాంగ్లియన్ కణాలు చాలావరకు బతికే ఉంటాయి, వాటి తీగలు మాత్రం మెదడు దాకా మళ్లీ పెరుగుతాయి. నాడీ శాస్త్రవేత్త రోజర్ స్పెర్రీ కాలం నుంచీ గోల్డ్ ఫిష్‌లో చూస్తున్న సంగతే. గ్యాంగ్లియన్ కణాలు, దృష్టి నాడి దెబ్బతినే గ్లకోమా జబ్బు మీద ఆసక్తి ఉంటే అది మంచి ఎంపిక, ముల్లర్ గ్లియా గురించి ప్రశ్న అయితే కాదు.

జీబ్రా, మెడాకా, మిగతావి

పదిమందిలో తొమ్మిది మంది జీబ్రా చేపే తీసుకుంటారు, తప్పేం లేదు. గుడ్డు తల్లి శరీరం బయటే పెరుగుతుంది, పారదర్శకంగా ఉంటుంది. 24 గంటలకు కంటి గిన్నె ఏర్పడుతుంది, 28 గంటల ప్రాంతంలో మొదటి గ్యాంగ్లియన్ కణాలు పుడతాయి, మూడో రోజుకు పొరలన్నీ కుదురుతాయి, ఐదో రోజుకు పిల్ల చేప కదిలే వస్తువును కంటితో వెంబడిస్తుంది. మూడు నెలలకు గుడ్లు పెట్టే వయసు వస్తుంది. 2013లో వచ్చిన జన్యుక్రమం ప్రకారం మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి ఇందులో జోడీ ఉంది. ముల్లర్ గ్లియా ఆకుపచ్చగా వెలిగే రకాలు, కోన్లు వెలిగే రకాలు, ఒంటి మీద రంగులేని కాస్పర్ రకం, అన్నీ తయారుగా దొరుకుతాయి. ఒక హెచ్చరిక: చేపల పూర్వీకుల్లో జన్యువులన్నీ ఒకసారి రెట్టింపయ్యాయి కాబట్టి చాలా జన్యువులకు రెండు నకళ్లుంటాయి. ఒకటి తీసేస్తే రెండోది పని కానిచ్చేయొచ్చు.

మెడాకా జపాన్ వరిపొలాల చేప. పునరుత్పత్తి విషయంలో దీన్ని 'జీబ్రా దొరక్కపోతే' అన్నట్టు చూడటం నాకు నచ్చదు, ఎందుకంటే దీని విలువ అది విఫలమవడంలో ఉంది. హైడెల్‌బెర్గ్‌లో కటరీనా లుస్ట్, యోఖెన్ విట్‌బ్రోట్ 2018లో చూపినది ఇదీ: గాయమైతే మెడాకా ముల్లర్ గ్లియా విభజనకు దిగుతుంది గానీ కాంతిని పట్టే కణాలను మాత్రమే ఇవ్వగలదు, మిగతా న్యూరాన్లు రావు. అందులో సాక్స్2 జన్యువు నిలబడకుండా తగ్గిపోతుంది. దాన్ని బలవంతంగా నిలబెడితే జీబ్రా చేపలోలా ప్రవర్తించింది. చేపకూ ఎలుకకూ పోలిక పెడితే వేల తేడాలు అడ్డొస్తాయి. చేపకూ చేపకూ పెడితే అడ్డొచ్చేవి తక్కువ. 'ఎందుకు ఆగిపోతుంది' అన్నది మీ ప్రశ్న అయితే జీబ్రా ఒక్కదాన్ని ఎన్నేళ్లు చూసినా దొరకని జవాబు, రెంటినీ పక్కపక్కన పెడితే దొరికే అవకాశం ఉంది. మెడాకా జన్యుక్రమం జీబ్రాలో దాదాపు సగమే, ఒకే తీరు జన్యువులుండే శుద్ధ రకాలున్నాయి, చలికీ వేడికీ బాగా ఓర్చుకుంటుంది. పిల్ల బయటికి రావడానికి వారం పైగా పడుతుంది, గుడ్డు పెంకు గట్టిది, దారాలతో తల్లి పొట్టకు అతుక్కుని ఉంటుంది. ఇంజెక్షన్లు చేసే చేతికి కాస్త ఓపిక కావాలి. రెటీనా అంచు మూలకణాల వంశావళి గీయాలనుకునేవారికి కూడా మెడాకాలో మంచి పనిముట్లు ఉన్నాయి.

ముసలితనం మీ అంశమైతే ఆఫ్రికా కిల్లీ చేప ఉంది. నీటి గుంటలు ఎండిపోయే లోపు జీవితం ముగించుకునే జాతి, నెలల్లోనే ముసలిదవుతుంది. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం బృందం 2022లో చెప్పిన దాని ప్రకారం, దృష్టి నాడి నలిగితే వయసులో ఉన్న కిల్లీకి చూపు తిరిగొస్తుంది, ముసలిదానికి రాదు. జీబ్రా చేపతో ఇదే ప్రయోగం చేయాలంటే రెండు మూడేళ్లు ఆగాలి. గోల్డ్ ఫిష్‌ను నేను కొత్తవారికి చెప్పను. కన్ను పెద్దది, విద్యుత్ సంకేతాలు కొలవడానికి హాయిగా ఉంటుంది, పాత సాహిత్యం బోలెడుంది, కానీ తరానికి ఏడాది పడుతుంది, జన్యుమార్పులు చేయడం కష్టం. మెక్సికో గుడ్డి గుహ చేప మరీ ఆసక్తికరం: పిండంలో కన్ను మొదలవుతుంది, కటకం చచ్చిపోవడంతో కుంగిపోతుంది. నదిలోని చూపున్న రకం నుంచి కటకం తెచ్చి అతికిస్తే కన్ను పెరుగుతుందని 2000లో యమమోటో, జెఫరీ చూపించారు. అది కన్ను ఎలా పెరుగుతుంది, ఎలా పోతుంది అన్న ప్రశ్నకు సరిపోయే చేప.

పిల్ల చేపా, పెద్ద చేపా?

ఐదారు రోజుల లార్వా మీద పని త్వరగా అవుతుంది, వందల్లో దొరుకుతాయి, బతికుండగానే మైక్రోస్కోపు కింద కణాల కదలిక చూడొచ్చు. యూరప్ నిబంధనల్లో సొంతంగా తిండి తినే దశకు ముందు లార్వాకు జంతు చట్టం వర్తించదు కాబట్టి అక్కడి ల్యాబుల్లో చాలా ప్రయోగాలు ఐదో రోజులోపే ముగించేస్తారు. పెరుగుదల గురించిన ప్రశ్నకు లార్వానే సరి. పునరుత్పత్తి అనేసరికి నాకు అనుమానాలు. ఆ వయసు రెటీనా ఇంకా కట్టుబడిలోనే ఉంది, మధ్యలో కూడా లేత కణాలు ఉండొచ్చు, రాడ్లు పూర్తిగా పనిలోకి రావడానికి ఇంకా రెండు వారాలు పడుతుంది. పుట్టిన కొత్త కణం మరమ్మతుదా, మామూలు పెరుగుదలదా అన్న సందేహం ఎప్పుడూ వెంటాడుతుంది. మందుల స్క్రీనింగ్ లార్వాలో చేసి, బాగున్నవాటిని పెద్ద చేపలో రుజువు చేయడం మంచి దారి. రంగు రాకుండా పీటీయూ అనే రసాయనం వాడితే అది కంటి పరిమాణాన్నే తగ్గిస్తుందని మరిచిపోకండి. కాస్పర్‌కు కంటి వెనక నల్లటి పొర అలాగే ఉంటుంది కాబట్టి, కంట్లో కూడా రంగులేని క్రిస్టల్ లాంటి రకం ఉంటే దాన్నే వాడండి.

లెక్కల విషయంలో ఒక్క మాట. పీసీఎన్ఏ అనే ప్రోటీన్ గుర్తు ఆ క్షణాన విభజనలో ఉన్న కణాన్ని చూపుతుంది, కొత్త డీఎన్ఏలో చేరిపోయే ఈడీయూ అనే రసాయన గుర్తు అప్పుడు విభజన చెందిన కణం తర్వాత ఏమైందో చూపుతుంది. రెండూ కావాలి. గాయం తర్వాత మైక్రోగ్లియా (రెటీనాలోని రోగనిరోధక కణాలు) కూడా విభజన చెందుతాయి. వాటికి వేరే గుర్తు వేయకుండా లెక్కపెడితే అంకె బాగా పెరుగుతుంది. కొత్త కణాలు వచ్చాయని చూపడంతో ఆగకుండా చేప చూస్తోందో లేదో కూడా కొలవండి. గీతల డ్రమ్ము తిప్పి కంటి కదలిక చూసే పరీక్షకు పెద్ద ఖర్చు లేదు.

మన దగ్గర పని చేయాలంటే

జీబ్రా చేప మన ఉపఖండానిదే, గంగ, బ్రహ్మపుత్ర పరీవాహకాల్లోది. 28 డిగ్రీల నీరు దానికి హాయి, అంటే తెలుగు రాష్ట్రాల్లో ఏడాదిలో ఎక్కువ భాగం హీటరు అవసరం పెద్దగా ఉండదు, ఎండాకాలంలో చల్లబరచడమే పని. అక్వేరియం షాపుల్లో చవగ్గా దొరుకుతుంది కదా అని వాటితోనే పరిశోధన మొదలుపెట్టేవారున్నారు. పద్ధతి నేర్చుకోవడానికి సరే. ఫలితాలు ప్రచురించాలంటే వాటి వంశం తెలియదు, రోగాలు తెలియవు, చేపకూ చేపకూ తేడా ఎక్కువ. హైదరాబాద్ సీసీఎంబీ లాంటి చోట్ల జీబ్రా చేపల వసతి ఉంది. తెలిసిన రకాన్ని అలాంటి చోటు నుంచి అడిగి తెచ్చుకోండి.

మున్సిపాలిటీ నీళ్లలోని క్లోరిన్ ఒక్క పూటలో ట్యాంకు ఖాళీ చేస్తుంది. ఆర్ఓ నీటికి సముద్రపు ఉప్పు, తినే సోడా కలిపి సరిచేసుకోవడం మామూలు పద్ధతి. పిల్ల చేపల తిండి ఆర్టీమియా కోసం బెంగపడక్కర్లేదు. విశాఖ, కాకినాడ, నెల్లూరు తీరంలోని రొయ్యల హేచరీలు అదే వాడతాయి, వాళ్లకు అమ్మే దుకాణాల్లోనే డబ్బాలు దొరుకుతాయి. సంస్థలోని జంతు నైతిక కమిటీకి దరఖాస్తు మాత్రం మొదటి నెలలోనే పెట్టండి. గాయం చేసే పని కాబట్టి మత్తు, నొప్పి, చేపల సంఖ్య గురించి గట్టిగా అడుగుతారు.

చేప వద్దనుకోవాల్సిన సందర్భాలు

మీ ఆసక్తి మనిషిలో అడ్డం ఏమిటన్నదైతే ఏదో ఒక దశలో ఎలుక దగ్గరికి వెళ్లక తప్పదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో టామ్ రే బృందం 2017లో చేపలో పనిచేసే యాస్కిల్1నే ఎలుక ముల్లర్ గ్లియాలో పెట్టి, డీఎన్ఏ చుట్టలను సడలించే మందు తోడిస్తే, పెద్ద ఎలుకలో కొన్ని న్యూరాన్లు పుట్టాయి. 2020లో జీబ్రా చేప, కోడిపిల్ల, ఎలుక మూడింటినీ కణం కణంగా పోల్చిన పనిలో, ఎలుకలో ముల్లర్ గ్లియాను విశ్రాంతి స్థితికి తిరిగి లాగేది ఎన్ఎఫ్ఐ అనే జన్యువుల గుంపని తేలింది. చేపలో దొరికిన ఆధారాన్ని ఎలుకలో పరీక్షించే ఇలాంటి పనికి రెండూ ఉన్న ల్యాబ్ కావాలి. ఒక్క చేపల గదే ఉన్నచోట చేరితే సగం దారిలో ఆగిపోతారు.

మాక్యులా (రెటీనా మధ్యలో సూటి చూపునిచ్చే చిన్న భాగం) జబ్బుల మీద మనసుంటే చేప అసలు సరిపోదు, మనిషిలో ఉన్నలాంటి మాక్యులా దానికి లేదు. అప్పుడు మూలకణాల నుంచి రెటీనా కణజాలం పెంచే ల్యాబులు చూడండి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధన విభాగంలో ఆ పని జరుగుతోంది, పైగా అక్కడ రోగులను చూసే డాక్టర్లు అదే ఆవరణలో ఉంటారు.